కొత్త వైద్య సాంకేతికతల విలువను అంచనా వేయడం

9.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు ఒక కొత్త వైద్య పరికరం గాని, పరీక్ష గాని, సేవ గాని దానిపై పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుందా అని ప్రశ్నించే పద్ధతిని వివరించగలుగుతారు. దేనితో పోల్చాలి, ఎవరి ఖర్చును లెక్కలోకి తీసుకోవాలి, అదనంగా పెట్టిన రూపాయికి అదనంగా వచ్చిన ఫలితం ఎంత అనే మూడు అంశాలను సొంతంగా లెక్క వేయగలుగుతారు. ఇందులో కూడికలు, హెచ్చవేతలు, భాగహారాలు తప్ప కష్టమైన గణితం లేదు. కాగితం, పెన్సిలు దగ్గర ఉంచుకొని చదవండి.

9.1 పరిచయం

చిత్తూరు జిల్లాలోని ఐరాల మండలం పేరు తెలియనివారికి కూడా ఆ మండలంలోని కాణిపాకం తెలుసు. వేరుశనగ, మామిడి, చెరకు, పాడి మీద బతికే పల్లెలు ఇవి. ఇక్కడి ఒక వ్యవసాయ కూలీకి షుగరు వచ్చి చూపు మసకబారిందనుకోండి. ఆమె ముందు చిత్తూరు వెళ్ళాలి. అక్కడ తేలకపోతే సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుపతికో, రాష్ట్రం సరిహద్దు దాటి వెల్లూరుకో వెళ్ళాలి. డాక్టరు ఫీజు లేకపోయినా బస్సు చార్జీలు, తోడు వచ్చినవారి భోజనం, ఇద్దరి కూలీ పోతాయి. పాలిచ్చే ఆవును ఆ రోజు ఎవరికి అప్పగించాలన్నది మరో సమస్య. అందుకే చాలామంది ప్రయాణాన్ని ఈ వారం నుంచి వచ్చే వారానికి, కోత అయ్యాక, పండుగ అయ్యాక అని వాయిదా వేస్తారు. షుగరు వల్ల కంటిలో జరిగే నష్టం మాత్రం వాయిదా పడదు.

ఇప్పుడు ఇదే సమస్యను మరోవైపు నుంచి చూద్దాం. మండలంలో ఆరోగ్య సేవల మెరుగుదలకు ప్రభుత్వం దగ్గర ఏటా 10 లక్షల రూపాయలు ఉన్నాయని అనుకుందాం. ఆ డబ్బుతో కంటి వెనుక పొరను ఫొటో తీసే కెమెరా కొనవచ్చు. వీడియో ద్వారా స్పెషలిస్టుతో మాట్లాడే ఏర్పాటు చేయవచ్చు. లేదా ఖాళీగా ఉన్న ల్యాబ్ టెక్నీషియన్ పోస్టును నింపవచ్చు. అన్నీ మంచివే, కాని అన్నిటికీ డబ్బు చాలదు. ఒకదాన్ని ఎన్నుకున్నప్పుడు వదులుకున్న వాటిలో అత్యుత్తమమైన దాని ప్రయోజనాన్నే అర్థశాస్త్రంలో అవకాశ వ్యయం అంటారని మీరు మొదటి సంవత్సరంలో చదివారు. వైద్య సాంకేతికతల మూల్యాంకనం అనే శాస్త్రం మొత్తం ఈ ఒక్క భావన మీద నిలబడి ఉంది.

సాంకేతికత అనగానే యంత్రాలే గుర్తుకు రావడం సహజం. ఈ శాస్త్రంలో ఆ మాటకు అర్థం విశాలమైనది. మందు, టీకా, శస్త్రచికిత్స పద్ధతి, రోగ నిర్ధారణ పరీక్ష, 108 అంబులెన్సు లాంటి సేవ, ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగే పద్ధతి కూడా సాంకేతికతలే.

9.2 మొదటి ప్రశ్న: ఇది పనిచేస్తుందా?

ధర సంగతి తరువాత. ముందు తేల్చవలసింది, కొత్తది పాతదానికంటే రోగికి నిజంగా మేలు చేస్తుందా అన్నది. దీనికి గుండె రక్తనాళాల్లో అమర్చే స్టెంట్ల కథ మంచి పాఠం.

లోహపు స్టెంటు శరీరంలో శాశ్వతంగా ఉండిపోతుంది. కొన్నేళ్ళలో దానంతట అదే కరిగిపోయే స్టెంటు వస్తే బాగుంటుందని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. అలాంటివి వచ్చాయి. వినడానికి ఎంతో సబబుగా ఉన్న ఆలోచన అది. మన దేశంలో ఒక్కొక్కటి లక్ష రూపాయలు దాటిన ధరకు అమ్మారు. అయితే రోగులను రెండు మూడేళ్ళపాటు గమనించిన పరిశోధనల్లో, వీటిలో ప్రధానమైన ‘అబ్సార్బ్’ స్టెంటు అమర్చినవారికి సాధారణ మందు పూత స్టెంటు అమర్చినవారికంటే రక్తం గడ్డకట్టే సమస్య ఎక్కువగా కనిపించింది. 2017 సెప్టెంబరులో తయారీ సంస్థ దాని అమ్మకాలను ప్రపంచవ్యాప్తంగా నిలిపివేసింది.

అదే సంవత్సరం ఫిబ్రవరిలో మన దేశంలో జాతీయ ఔషధ ధరల సంస్థ స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. పూత లేని లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూత ఉన్నదానికి 29,600 రూపాయలు. కరిగిపోయే స్టెంటును కూడా ఈ రెండో వర్గంలోనే చేర్చింది. అదనపు ప్రయోజనం రుజువు కానప్పుడు అదనపు ధర ఎందుకు అన్న తర్కం అందులో ఉంది. ఆ నిర్ణయం వచ్చినప్పుడు కొత్త సాంకేతికత మన దేశానికి రాకుండా పోతుందని కొందరు వాపోయారు. ఏడు నెలలు తిరక్కుండానే ఆ స్టెంటు అన్ని దేశాల నుంచీ పోయింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ‘స్టెంటు కరిగింది’ అన్నది సాంకేతిక ఫలితం. ‘రోగి గుండెపోటు లేకుండా బతికాడు’ అన్నది రోగికి కావలసిన ఫలితం. ప్రకటనలు మొదటిదాన్ని చూపిస్తాయి. మూల్యాంకనం రెండోదాన్ని అడగాలి.

9.3 అరగొండ అనుభవం

ఐరాలకు పొరుగున ఉన్న తవణంపల్లె మండలంలో అరగొండ అనే ఊరు ఉంది. హనుమంతుడు సంజీవని పర్వతాన్ని మోసుకుపోతుండగా అందులో ఒక ముక్క ఇక్కడ పడిందని స్థల పురాణం. అందుకే ఇక్కడి వీరాంజనేయస్వామి కొండకు అర్ధగిరి అని పేరు. కొండ మీది పుష్కరిణి నీరు రోగాలను పోగొడుతుందన్న నమ్మకంతో జనం సీసాల్లో పట్టుకుపోతారు. అపోలో ఆసుపత్రుల స్థాపకులు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి సొంత ఊరు కూడా ఇదే.

ఈ ఊళ్ళోని ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా నగరాల్లోని స్పెషలిస్టులతో కలిపారు. 2000 మార్చి 24న హైదరాబాదు పర్యటనలో ఉన్న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దాన్ని ప్రారంభించారు. దేశంలో టెలిమెడిసిన్ చరిత్రలో అరగొండ పేరు ముందు వరుసలో ఉంటుంది. ఎక్స్‌రే, ఇ.సి.జి., స్కాన్ చిత్రాలను ఊళ్ళో నుంచి పంపితే, దూరంగా ఉన్న డాక్టరు వాటిని చూసి, రోగితోనూ స్థానిక వైద్యుడితోనూ మాట్లాడి సలహా ఇవ్వడం ఇందులోని పద్ధతి.

ఆ రోజుల్లో ఉపగ్రహ సంబంధం ఖరీదైన వ్యవహారం. గొడుగు ఆకారపు యాంటెన్నా, దాన్ని చూసుకునే మనిషి, జనరేటరు, ఏటా కట్టవలసిన అద్దె అన్నీ స్థిర వ్యయాలే. రోజుకు ఒక రోగి వచ్చినా, ఇరవై మంది వచ్చినా ఆ ఖర్చు మారదు. నేడు అదే పని మామూలు మొబైల్ ఇంటర్నెట్‌తో జరుగుతోంది. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని సేవను తెచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ దాన్ని మొదట అమలుచేసిన రాష్ట్రం అయింది. 2020 మార్చి 25న, కరోనా లాక్‌డౌన్ మొదలైన రోజునే, వీడియో ద్వారా వైద్యం చేయడానికి జాతీయ మార్గదర్శకాలు వెలువడ్డాయి. సంజీవని కొండ ముక్క పడిందని చెప్పే చోట మొదలైన సేవకు ఇరవై ఏళ్ళ తరువాత అదే పేరు రావడం కేవలం యాదృచ్ఛికం కావచ్చు, కాని చిత్తూరు జిల్లా విద్యార్థులకు గుర్తుండిపోతుంది.

అరగొండ నుంచి మనం నేర్చుకోవలసిన అర్థశాస్త్ర పాఠం ఇది: ఒక సాంకేతికత విలువ స్థిరమైనది కాదు. 2000లో ఖర్చుకు తగ్గ ఫలితం ఇవ్వదని తేలిన ఏర్పాటు ఇంటర్నెట్ చవక అయ్యాక లాభసాటి కావచ్చు. అందుకే మూల్యాంకనం ఒకసారి చేసి మూలన పెట్టే పని కాదు.

9.4 ఎవరి జేబులో నుంచి?

ఐరాల మండలంలోని ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో వీడియో సంప్రదింపుల ఏర్పాటు చేశారని ఊహించుకుందాం. కింది అంకెలన్నీ అభ్యాసం కోసం అనుకున్నవే, సేకరించినవి కావు.

స్థిర వ్యయం ఏటా 6,00,000 రూపాయలు. ఒక్కో సంప్రదింపుకు డాక్టరు సమయం విలువ 150 రూపాయలు. రోగి పట్నం వెళితే చార్జీలు, భోజనం, ఇద్దరి కూలీ నష్టం కలిపి 1,500 రూపాయలు అవుతుంది. ఉపకేంద్రానికి వస్తే 200 రూపాయలతో సరిపోతుంది. అయితే వచ్చినవారిలో నూటికి 30 మందికి వీడియోలో తేలదు. డాక్టరు ‘మీరు రావలసిందే’ అంటారు. వాళ్ళు ఈ 200తో పాటు ఆ 1,500 కూడా పెట్టుకోవాలి.

ఏర్పాటు లేనప్పుడు ఒక్కో రోగికి సమాజం భరించే ఖర్చు 1,500. ఏర్పాటు ఉన్నప్పుడు సగటున 200 + 150 + (1,500లో 30 శాతం) 450 = 800. మిగులు 700 రూపాయలు. స్థిర వ్యయం తిరిగి రావాలంటే 6,00,000ను 700తో భాగించాలి. ఏడాదికి 858 సంప్రదింపులు కావాలి. 300 పనిదినాలనుకుంటే రోజుకు దాదాపు ముగ్గురు.

ఇప్పుడు ఒక్క అంకె మార్చి చూడండి. నూటికి 30 మంది బదులు 60 మందిని పట్నం పంపవలసి వచ్చిందనుకుందాం. ఖర్చు 200 + 150 + 900 = 1,250. మిగులు 250 మాత్రమే. కావలసిన సంప్రదింపులు 2,400, అంటే రోజుకు ఎనిమిది. యంత్రం అదే, ఇంటర్నెట్ అదే, డాక్టరూ ఆయనే. ఉపకేంద్రంలో రక్తపరీక్ష చేసే మనిషి లేకపోవడం వల్ల, మందుల అల్మారా ఖాళీగా ఉండడం వల్ల మాత్రమే ఆ శాతం పెరగవచ్చు. ఇలా ఒక్కో ఊహను మార్చి ఫలితం ఎంత కదులుతుందో చూడడాన్ని సున్నితత్వ విశ్లేషణ అంటారు. ఎవరైనా మీకు ఒకే ఒక అంకె చూపి ఇంత ఆదా అవుతుందని చెబితే ఈ విశ్లేషణ చేశారా అని అడగండి.

పై లెక్కలో మరో కీలకమైన విషయం దాగి ఉంది. మిగులు అంతా రోగి జేబులోనే ఉంది. ప్రభుత్వానికి ఖర్చు పెరిగిందే తప్ప తగ్గలేదు. కాబట్టి ఆరోగ్య శాఖ బడ్జెట్ కోణంలో చూస్తే ఈ ఏర్పాటు దండగ, సమాజం కోణంలో చూస్తే లాభం. ఏ కోణంలో లెక్క వేశారో చెప్పని నివేదికను నమ్మలేం. మన దేశంలో సొంత జేబు ఖర్చు ఎక్కువ కాబట్టి సమాజ కోణమే సరైనదని ఈ రచయిత అభిప్రాయం.

కూలీ నష్టాన్ని లెక్కలో చేర్చడం న్యాయంగానే కనిపిస్తుంది, కాని అందులో ఒక ముల్లు ఉంది. పొలం పనుల్లో ఆడవారి కూలీ మగవారికంటే తక్కువ. కూలీని బట్టి విలువ కడితే ఆడమనిషి రోగం నయం చేయడం తక్కువ లాభంగా తేలుతుంది. ముసలివారి విలువ దాదాపు సున్నా అవుతుంది. అంకె తప్పు కాదు. దాన్ని తీసుకొచ్చిన సమాజంలోని అన్యాయం అంకెలోకి కూడా వచ్చి కూర్చుంటుంది.

ఇంకొక సందేహం రావాలి. పోల్చినది ‘పట్నం వెళ్ళే రోగి’తో. ఈ ఏర్పాటు లేకపోతే ఆ రోగి నిజంగా పట్నం వెళ్ళి ఉండేదా? ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షనో, మందుల షాపులో నాలుగు మాత్రలో తీసుకొని ఊరుకునేదేమో. అప్పుడు 1,500 ఆదా అయిందనడం కల్పన. ఆమె విషయంలో డబ్బు ఆదా కాలేదు, ఖర్చే పెరిగింది. లాభం ఆరోగ్యంలో కనిపించాలి. ఆ లాభాన్ని కొలవడం ఎలా అన్నది తరువాతి సమస్య.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
పై ఉదాహరణలో రోగి కోణంలో మాత్రమే లెక్క వేస్తే, 30 శాతం మందిని పట్నం పంపినప్పుడు ఒక్కో సంప్రదింపుకు సగటున ఎంత మిగులుతుంది? (జవాబు: 1,500 – 650 = 850 రూపాయలు.)

9.5 కెమెరా ఒక్కటే చూపును నిలబెట్టదు

కంటి వెనుక పొరను ఫొటో తీసే కెమెరాను ఇప్పుడు తీసుకుందాం. షుగరు వల్ల ఆ పొరలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. చాలాకాలం దాకా రోగికి ఏమీ తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. సకాలంలో కనిపెడితే లేజరు చికిత్సతో చాలామందికి చూపును కాపాడవచ్చు. కాబట్టి కెమెరా కొనాలన్న వాదన బలమైనదే.

మళ్ళీ అంకెలు ఊహించుకుందాం. మండలంలో 1,000 మంది షుగరు రోగులను పరీక్షించారు. వారిలో 60 మందికి చూపు పోయే ప్రమాదం ఉంది. ఉన్న జబ్బును పట్టుకునే శక్తి, అంటే పరీక్ష సున్నితత్వం, 90 శాతం. జబ్బు లేనివారిని లేదని చెప్పగలిగే శక్తి, అంటే నిర్దిష్టత, అదీ 90 శాతం. 60 మందిలో 54 మంది దొరుకుతారు, ఆరుగురు తప్పిపోతారు. జబ్బు లేని 940 మందిలో 94 మందికి ఉన్నట్టు తప్పుగా తేలుతుంది. మొత్తం 148 మందికి ‘పెద్దాసుపత్రికి వెళ్ళండి’ అని చీటీ రాసిస్తారు. అందులో మూడింట రెండు వంతుల మంది అనవసరంగా భయపడి తిరగవలసినవారే! 90 శాతం కచ్చితత్వం అన్న ప్రకటన చదివినప్పుడు ఈ సంగతి మనకు తట్టదు.

చీటీ తీసుకున్నవారిలో సగం మందే వెళ్ళారనుకుందాం. 74 మంది వెళ్ళారు, వారిలో నిజంగా జబ్బున్నవారు 27 మంది. చికిత్స పొందినవారిలో ముగ్గురికి ఒకరి చొప్పున, లేకపోతే పోయేదే అనుకున్న చూపు నిలబడిందనుకుంటే 9 మందికి మేలు జరిగింది. ఖర్చు చూడండి. కెమెరా, దాన్ని వాడే మనిషి జీతం కలిపి ఏటా 5,00,000. ప్రయాణాలు మనిషికి వెయ్యి చొప్పున 74,000. చికిత్స మనిషికి పదివేల చొప్పున 2,70,000. మొత్తం 8,44,000. ఒక్కొక్కరి చూపు నిలబెట్టడానికి అయిన ఖర్చు దాదాపు 93,800 రూపాయలు.

చీటీ తీసుకున్న 148 మందీ వెళ్ళి ఉంటే? ప్రయాణాలు 1,48,000, చికిత్స 5,40,000, కెమెరా ఖర్చు మారదు. మొత్తం 11,88,000. మేలు పొందినవారు 18 మంది. ఒక్కొక్కరికి 66,000. అదనంగా పెట్టిన 3,44,000కు అదనంగా 9 మంది చూపు దక్కింది, అంటే ఈ రెండో తొమ్మిది మందికి మనిషికి అయిన ఖర్చు దాదాపు 38,200 మాత్రమే. ఈ అదనపు వ్యయాన్ని అదనపు ఫలితంతో భాగించగా వచ్చేదే ఈ శాస్త్రంలో అతి ముఖ్యమైన అంకె. సగటు చూపించని విషయాన్ని ఇది చూపిస్తుంది.

దాని అర్థం ఏమిటి? ఆ మిగతా సగం మందిని ఆసుపత్రికి చేర్చడానికి ఆశా కార్యకర్త తోడు, వాహనం అంటూ మరో లక్ష రూపాయలు ఖర్చు చేసినా, 4,44,000ను తొమ్మిదితో భాగిస్తే దాదాపు 49,300 మాత్రమే. మొదటి తొమ్మిది మందికి పెట్టినదానిలో దాదాపు సగమే. రెండో కెమెరా కొనడం కంటే ఒక జీపు, ఒక మనిషి ఎక్కువ విలువైనవి కావచ్చు. కాని కెమెరాకు ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది. తోడు వెళ్ళే మనిషికి అవేమీ ఉండవు.

9.6 వేరువేరు జబ్బులను ఒకే త్రాసులో

ఒకవైపు చూపు, మరోవైపు కాన్పులో తల్లి ప్రాణం, ఇంకోవైపు మోకాలి నొప్పి. వీటిని పోల్చడానికి ఆయుస్సునూ ఆరోగ్య స్థితినీ కలిపిన ఒక కొలమానం తయారుచేశారు. సంపూర్ణ ఆరోగ్యంతో గడిచిన ఒక సంవత్సరానికి 1, మరణానికి 0 విలువ ఇస్తారు. నాణ్యతను సర్దుబాటు చేసిన ఆయుర్వర్షం అని దీనికి పేరు. వాడుకలో ‘క్వాలీ’ అంటారు. చూపు ఉన్న షుగరు రోగి జీవితానికి 0.85, చూపు పోయినవారికి 0.60 అనుకుంటే తేడా 0.25. పదేళ్ళకు 2.5 క్వాలీలు. రాబోయే సంవత్సరాల ఫలితాన్ని ఏటా 3 శాతం చొప్పున తగ్గించి లెక్కిస్తే అది సుమారు 2.1 అవుతుంది. 93,800ను 2.1తో భాగిస్తే ఒక క్వాలీకి దాదాపు 44,700 రూపాయలు.

ఇది ఎక్కువా, తక్కువా? ఇంగ్లండులో 1999లో ఏర్పడిన నైస్ అనే సంస్థ చాలా ఏళ్ళపాటు ఒక క్వాలీకి 20,000 నుంచి 30,000 పౌండ్ల మధ్య హద్దు పెట్టుకుంది. మన దేశంలో 2017లో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద ఇలాంటి మూల్యాంకన వ్యవస్థ మొదలైంది. ఇక్కడ తలసరి స్థూల దేశీయోత్పత్తిని హద్దుగా వాడుతున్నారు. దాన్ని సుమారు రెండు లక్షలనుకుంటే మన కెమెరా హాయిగా గట్టెక్కుతుంది. ఆరోగ్య స్థితులకు 0.85, 0.60 లాంటి విలువలు ఎవరిస్తారన్న ప్రశ్న మీకు వచ్చి ఉండాలి. జనాన్ని అడిగే నిర్ణయిస్తారు. చండీగఢ్‌లోని పి.జి.ఐ. ఆధ్వర్యంలో మన దేశ ప్రజల అభిప్రాయాలతో అలాంటి విలువల పట్టిక తయారైంది. అంతకుముందు విదేశాల పట్టికలను అరువు తెచ్చుకొనేవారు.

హద్దు లోపల ఉన్నంతమాత్రాన కొనగలమని కాదు. ఒక మండలానికి సరిపోయిన ఖర్చు రాష్ట్రంలోని అన్ని మండలాలకూ విస్తరిస్తే ఖజానా భరించకపోవచ్చు. దీన్ని బడ్జెట్ ప్రభావం పేరుతో విడిగా లెక్కిస్తారు.

9.7 హద్దు దాటినా వదలలేనివి

థాయిలాండులో కిడ్నీ పాడైనవారికి డయాలసిస్ ఖర్చును అక్కడి నిపుణులు లెక్కగట్టినప్పుడు అది హద్దు దాటిందని తేలింది. లెక్క ప్రకారం ప్రభుత్వం ‘ఇవ్వలేం’ అనాలి. కాని డయాలసిస్ కోసం భూములమ్ముకొని కుటుంబాలు చితికిపోతున్నాయి. 2008లో ఆ ప్రభుత్వం డయాలసిస్‌ను ఉచిత సేవల్లో చేర్చింది. లెక్కను పక్కన పడేయలేదు. ఇంట్లోనే చేసుకోగలిగిన కడుపు ద్వారా చేసే డయాలసిస్‌కు మొదటి ప్రాధాన్యం ఇచ్చింది. మన రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా పేద కుటుంబాలను ఆసుపత్రి ఖర్చుల అప్పుల నుంచి కాపాడాలన్న ఉద్దేశంతోనే వచ్చింది. అయితే ధర నిర్ణయించిన చోట అవసరానికి మించి చికిత్సలు జరిగే ప్రమాదమూ ఉంటుంది. గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు పెరగడంతో వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయవలసి వచ్చింది. సేవ విలువను ఒకసారి లెక్కించడం ఒక ఎత్తు, అది ఎవరికి, ఎందుకు అందుతోందో తరువాత కూడా గమనిస్తూ ఉండడం మరో ఎత్తు.

9.8 అభ్యాసం

1. 9.4లోని వీడియో సంప్రదింపుల ఉదాహరణలో 45 శాతం మందిని పట్నం పంపవలసి వస్తే, ఏడాదికి ఎన్ని సంప్రదింపులు జరిగితే స్థిర వ్యయం తిరిగి వస్తుంది? (జవాబు: 1,264.)

2. కెమెరా ఉదాహరణలో నిర్దిష్టత 90 బదులు 95 శాతం అయితే అనవసరంగా చీటీ తీసుకునేవారు ఎంతమంది? కేవలం ఈ మెరుగుదల కోసం కెమెరాకు ఎంత ఎక్కువ ధర పెట్టడం సబబు? చీటీ తీసుకున్న అందరూ పట్నం వెళతారనుకొని లెక్కించండి. (జవాబు: 47 మంది; తగ్గిన 47 ప్రయాణాలకు ఏటా 47,000 రూపాయలకు మించకుండా.)

3. మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వాడకుండా మూలన ఉన్న పరికరం ఏదైనా ఉంటే అది ఏ సంవత్సరంలో వచ్చిందో, ఎందుకు ఆగిందో అక్కడి సిబ్బందిని మర్యాదగా అడిగి తెలుసుకోండి. అది మళ్ళీ పనిచేయడానికి కావలసినది విడిభాగమా, మనిషా, రోగిని అక్కడిదాకా చేర్చే దారా అన్నది ఒక పేజీలో రాసి, ఒక్కోదానికి అయ్యే ఖర్చును అంచనా వేయండి.